జనవరిలో లేక్ ఫోర్క్ మీద బాస్ పడాలంటే

మీరు అడిగింది క్లుప్తంగా: డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నారు. అక్టోబరు దాకా లేక్ ఫోర్క్ (తూర్పు టెక్సస్‌లోని రిజర్వాయర్) వెళ్లిన ప్రతిసారీ ఏడెనిమిది బాస్‌లు (ఇక్కడ గాలానికి అందరూ కోరుకునే మంచినీటి చేప) పట్టారు. డిసెంబరు నుంచి మూడుసార్లు వెళ్లి మూడుసార్లూ ఖాళీ చేతులతో తిరిగొచ్చారు. చలికి చేపలు తినడం మానేస్తాయా, లేకపోతే అందరూ అంటున్నట్టు లైవ్ సోనార్ (నీటి కింద చేప కదలికని అప్పటికప్పుడు స్క్రీన్ మీద చూపించే పరికరం) కొనక తప్పదా?

సోనార్ సంగతి ముందు తేల్చేస్తాను. ఇప్పుడే కొనకండి. రెండు మూడు వేల డాలర్లు పెట్టి స్క్రీన్ మీద చేపను చూస్తారు. మీ ఎర పక్కనుంచి పోతుంటే అది కదలకుండా నిలబడటం కూడా చూస్తారు. ఇప్పుడు కనిపించని అవమానం అప్పుడు కళ్లారా కనిపిస్తుంది, అంతే తేడా. మీ పడవకి ఉన్న మామూలు డెప్త్ ఫైండర్ ఈ చలికాలానికి చాలు.

ఇక తిండి సంగతి. బాస్ చల్లని రక్తం జీవి. నీళ్లు 50 డిగ్రీలకు దిగేసరికి (ఇక్కడ నేను చెప్పేవన్నీ ఫారెన్‌హీట్‌లోనే) దానికి అరుగుదల మందగిస్తుంది, ఖర్చయ్యే శక్తీ తగ్గుతుంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు రాత్రి పూట ఒక్క చపాతీతో సరిపెట్టుకున్నట్టు అదీ తక్కువే తింటుంది. తిండి దగ్గరికొస్తే కాదనదు గానీ పది అడుగులు వెంటపడమంటే పడదు. అక్టోబరులో మీరు పట్టినవన్నీ వెంటపడి వచ్చిన చేపలు. అదే వేగంతో జనవరిలో లాగుతున్నారని నా అనుమానం. మీరు వాడినవి క్రాంక్‌బెయిట్, స్పిన్నర్‌బెయిట్ (రెండూ ఆపకుండా లాగే ఎరలు) అని రాశారు కాబట్టి అనుమానం అక్కర్లేదు, అదే.

చలికాలంలో పెద్ద చేప పడదనుకునేవాళ్లకి నేను చెప్పే తేదీ ఒకటుంది: 1992 జనవరి 24. టెక్సస్ రికార్డు బాస్, 18.18 పౌండ్లు, ఆ రోజు ఇదే ఫోర్క్‌లో పడింది. పట్టినాయన బాస్ కోసం రానే లేదు. క్రాపీ అనే చిన్న చేప కోసం బతికున్న మిన్నో (ఎరగా వాడే చిట్టి చేప) వేసుకుని కూర్చున్నాడు. ఎనిమిది కిలోలు దాటిన చేప వేలెడు మిన్నోని మింగింది. అది చిన్నదే, పైగా ముక్కు ముందే నిలబడి ఉంది. టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్లు షేర్‌లంకర్ అనే పథకం నడుపుతారు. 13 పౌండ్లు దాటిన బాస్‌ని పట్టినవాళ్లు అప్పిస్తే టెక్సస్‌లోనే ఉన్న ఏథెన్స్ ఊరి హ్యాచరీలో దాని పిల్లలు చేయించి, ఆ పిల్లల్ని చెరువుల్లో వదులుతారు. అలా చేపను తీసుకునే కాలం జనవరి 1 నుంచి మార్చి 31 వరకు. గుడ్లు పెట్టే ముందు కడుపు నిండుగా ఉండే ఆడ చేపలు దొరికేది అప్పుడే కదా.

ఇంకో అపోహ. "చలికాలంలో లోతున నీళ్లు వెచ్చగా ఉంటాయి, అందుకే చేపలు కిందకి పోతాయి" అని మన వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతుంది. మిన్నెసోటాలో మంచు కప్పిన చెరువు గురించైతే నిజమే. నీళ్లు 39 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువు, కాబట్టి ఆ నీళ్లు అడుగున ఉండి, అంతకంటే చల్లనివి పైన మంచు కింద ఉంటాయి. ఫోర్క్ అక్కడిదాకా దిగే చెరువు కాదు. ఇక్కడ జనవరిలో మామూలుగా 45 నుంచి 55 మధ్య ఉంటుంది. శరదృతువులోనే పైనీళ్లు కిందనీళ్లు కలిసిపోయి, పైన ఎంతుందో 30 అడుగుల కిందా దాదాపు అంతే ఉంటుంది. లోతులో వెచ్చదనం లేదు. ఉన్నదల్లా నిలకడ. రాత్రి చలిగాలికి పైన అయిదు అడుగులు చల్లబడతాయి, మధ్యాహ్నం ఎండకి మళ్లీ వేడెక్కుతాయి. కింద ఈ గొడవ లేదు. పైగా షాడ్ గుంపులు (ఇక్కడి బాస్‌కి అన్నం లాంటి చిన్న వెండి చేపలు) అక్కడే చేరతాయి. తిండి ఎక్కడుంటే బాస్ అక్కడ.

మా ఊళ్లో కాలవ గట్టు మీద కొరమీనుకి గాలం వేసి పెరిగినవాణ్ణి నేను. కొరమీను పాపం గాలి పీల్చడానికి పైకి రాక తప్పదు. నీటి మీద చిన్న బుడగ, ఒక వలయం, అక్కడ కప్పపిల్లని కట్టి వేస్తే పని అయిపోయేది. బాస్‌కి ఆ అవసరం లేదు, నెల రోజులు పైకి రాకుండా ఉండగలదు. ఇక్కడికొచ్చిన మొదటి రెండు చలికాలాలు నేను నీటి ఉపరితలం చూస్తూ కూర్చుని వృథా చేశాను. చూడాల్సింది నీటి కింద ఉన్న నేలని.

ఫోర్క్ సహజ చెరువు కాదు, 1980లో కట్టిన డ్యామ్ వెనక నిండిన 27 వేల ఎకరాల రిజర్వాయర్. అంటే మునిగిన వాగులు, రోడ్లు, పొలం గట్లు, కుంటల కట్టలు అన్నీ కిందే ఉన్నాయి. చెట్లు కొట్టకుండానే నీళ్లు నింపేశారు. ఎండిన మోళ్ల అడవి ఇంకా నిలబడే ఉంది. చలికాలంలో ఇందులో తొంభై వంతులు ఖాళీ. మీరు వెతకాల్సింది ఒకటే రకం చోటు: లోతు, మెరక పక్కపక్కనే ఉన్నచోటు. పాత వాగు వంపు తిరిగి గట్టుకి ఆనుకున్న చోట పన్నెండు అడుగుల నుంచి ఇరవై రెండుకి ఒక్కసారిగా పడిపోతుంది. అక్కడ చేపకి ప్రయాణం అక్కర్లేదు. ఎండ కాస్తే పైకి, చలిగాలి కొడితే కిందకి, రెండూ తోక రెండుసార్లు ఊపితే అయిపోతాయి. చదునుగా అర మైలు సాగే మెరకలు ఏప్రిల్ దాకా మర్చిపోండి.

కొత్తవాళ్లకి నేను చెప్పేది వంతెనలు. 515 వంతెన, 154 వంతెన. వాగు సన్నబడి వంతెన కింద నుంచే పోవాలి, షాడ్‌కి వేరే దారి లేదు. గట్టు పొడవునా రాళ్లు పరిచి ఉంటాయి, ఆ రాళ్లు ఎండకి వేడెక్కి పక్కనున్న నీటిని ఒకటి రెండు డిగ్రీలు పెంచుతాయి. స్తంభాలు నిట్టనిలువుగా దిగుతాయి కాబట్టి చేప ఏ లోతులోనైనా నిలబడవచ్చు. అందరికీ తెలిసిన చోట్లే, రద్దీగానే ఉంటాయి. అయినా పడతాయి.

మోటార్ ఆపి మెల్లగా వెళ్తూ డెప్త్ ఫైండర్ చూడండి. షాడ్ గుంపు మబ్బులా కనిపిస్తుంది, బాస్ ఆ మబ్బు కింద వంపు గీతల్లా. మబ్బు లేని చోట అందమైన మోడు ఉన్నా నేను పది నిమిషాలకు మించి ఆగను. గంగాకాకులు (తెల్ల గల్స్‌ని మావాళ్లు అలాగే పిలుస్తారు) ఒకే చోట నీటి మీద వాలుతుంటే ఆ చోటు గుర్తుపెట్టుకోండి. అవి ఏరుకుంటున్నది చస్తున్న షాడ్‌ని.

ఈ షాడ్ చావు గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే చలికాలపు వేటంతా దీని చుట్టూనే తిరుగుతుంది. థ్రెడ్‌ఫిన్ షాడ్ చలికి ఓర్వదు. నీళ్లు 45 కిందకు దిగేసరికి దానికి ఒళ్లు స్వాధీనం తప్పుతుంది. పక్కకి ఒరుగుతుంది, రెండుసార్లు వణికి ఆగిపోతుంది, మెల్లగా మునుగుతుంది, మళ్లీ ఒక కుదుపు. 2021 ఫిబ్రవరిలో డాలస్ విమానాశ్రయం దగ్గర మైనస్ 2 కొట్టిన ఆ వారం గుర్తుందిగా, కరెంటు లేక అందరం ఇళ్లలో దుప్పట్లు కప్పుకున్న వారం. అది అయ్యాక నేను వెళ్లేసరికి కొన్ని మూలల్లో షాడ్ నీటి మీద తెల్లగా పరుచుకుని ఉంది. బాస్‌కి ఇంతకంటే సులువైన భోజనం లేదు.

ఆ వణుకు, ఆ ఆగడం, రెండూ చేసి చూపించే ఎర జెర్క్‌బెయిట్. మీ పెట్టెలో ఒక్కటే ఎర ఉండాలంటే అది ఉండాలి. నాలుగు, నాలుగున్నర అంగుళాల సన్నటిది, సస్పెండింగ్ అని రాసి ఉండాలి. అంటే ఆపితే పైకి తేలకుండా, కిందకి మునగకుండా అక్కడే నిలబడేది. కానీ డబ్బా మీద రాసినదాన్ని నమ్మకండి. చల్లటి నీళ్లు బరువెక్కువ కాబట్టి ఇంటి బకెట్లో గోరువెచ్చటి నీళ్లలో చక్కగా నిలబడ్డ ఎర ఫోర్క్‌లో మెల్లగా పైకి లేస్తుంది. పడవ పక్కనే వేసి చూడండి. లేస్తుంటే ముందు హుక్ దగ్గర పొట్ట మీద సన్నటి సీసపు పట్టీ అతికించండి. ఒక పట్టీ, మళ్లీ నీళ్లలో వేసి చూడు, ఇంకో సగం పట్టీ. ముక్కు రవ్వంత కిందకి వంగి, ఎర నిమిషానికి ఒక జానెడు మునిగేలా కుదిరితే ఇంకేం కావాలి. ఈ పని రేవు దగ్గర చేతులు ఇంకా కొంకర్లు పోకముందే చేసుకోండి.

లైన్ పది పౌండ్ల ఫ్లోరోకార్బన్. మోనో (మామూలు నైలాన్ లైన్) అంత త్వరగా మునగదు, ఎరని లోతుకి దిగనివ్వదు. విసిరి, ఆరేడుసార్లు రీల్ తిప్పి ఎరని లోతుకి దింపండి. రాడ్ కొన కిందకి పెట్టి రెండు చిన్న కుదుపులు. వెంటనే రాడ్‌ని ఎర వైపు కొంచెం తోసి లైన్ వదులు చేయండి. ఇక ఆగండి. నీళ్లు 55 ఉంటే అయిదు లెక్కపెట్టండి. 48 ఉంటే పదిహేను. 44కి దిగితే ముప్పై దాకా. నోటితో లెక్కపెట్టండి, మనసులో కాదు. మనసులో లెక్క చలికి పరుగెత్తుతుంది. ముప్పై అనుకున్నది వాచీలో చూస్తే పన్నెండు ఉంటుంది, మా తమ్ముడితో పందెం వేసి మరీ చూశాను. ఆ ఖాళీలో చేప వచ్చి ఎర వెనక నిలబడి ఉంటుంది. మీరు అసహనంతో లాగితే వెళ్లిపోతుంది.

పడినప్పుడు అక్టోబరులోలా చెయ్యి ఊడిపోయే దెబ్బ ఉండదు. పదమూడో అంకె దగ్గర నీటి మీద వదులుగా పడున్న లైన్ అంగుళమంత పక్కకి జరుగుతుంది. లేదా తర్వాతి కుదుపు ఇచ్చినప్పుడు అవతల తడిగుడ్డ తగిలినంత బరువు. అంతే. గట్టిగా కొట్టకండి, చిన్న హుక్‌లు చీల్చుకుని వచ్చేస్తాయి. రీల్ తిప్పుతూ రాడ్ పక్కకి వంచండి, చాలు.

నీళ్లు బురదగా ఉంటే జెర్క్‌బెయిట్ పక్కన పెట్టేయండి, అది కంటికి కనిపించాల్సిన ఎర. అప్పుడు అర ఔన్సు జిగ్ (తల దగ్గర బరువున్న హుక్) తీసుకుని అడుగున ఈడ్వండి, ఎగరేయకుండా. స్తంభాల పక్కన, వాగు లోతులో చేపలు ఇరవై అడుగుల కింద కనిపిస్తుంటే పడవ సరిగ్గా వాటి మీద నిలిపి స్పూన్ (చెంచాలా మెరిసే లోహపు ఎర) కిందకి వదిలి జానెడు ఎత్తి దించడం. ఫిబ్రవరి మధ్యకి నీళ్లు 50 దాటి పైకి వెళ్తున్నాయంటే ఎర్ర రంగు లిప్‌లెస్ క్రాంక్ (మూతి దగ్గర పలక లేని క్రాంక్‌బెయిట్). మునిగిన గడ్డి అంచులో వేసి, గడ్డికి తగులుకుంటే లాగి ఆ గడ్డిని పుటుక్కున తెంపండి, ఆ తెగే క్షణంలోనే పడుతుంది. ఆ ఎరుపు చూసి చేప ఎండ్రకాయ అనుకుంటుందని కొందరు, ఎర్రరొయ్య అని కొందరు. నాకు తెలిసింది అది పనిచేస్తుందనే.

రోజు ఎంచుకోవడం ఎరకంటే ముఖ్యం. ఉత్తరం నుంచి ఆ నీలిగాలి (ఇక్కడ బ్లూ నార్తర్ అనే చలిగాలి) దిగిన మర్నాడు ఆకాశం అద్దంలా ఉంటుంది, సెలవు పెట్టి బయల్దేరాలనిపిస్తుంది. వెళ్లకండి. ఫోర్క్‌లో వదిలింది ఫ్లోరిడా జాతి బాస్‌ని. పెద్దగా పెరుగుతుంది గానీ చలి దెబ్బకి మామూలు జాతికంటే ముందు నోరు మూసుకుంటుంది. గాలి దిగబోయే ముందు రోజు, మబ్బు పట్టి దక్షిణపు గాలి వీస్తున్నప్పుడు వెళ్లండి. లేదా వరసగా మూడు రోజులు ఎండ కాశాక, మూడో రోజు మధ్యాహ్నం. తెల్లవారుజామున అయిదింటికి లేవడం వేసవి అలవాటు. జనవరిలో నేను పదింటికి పడవ దింపుతాను. ఒంటిగంట నుంచి నాలుగున్నర వరకు అసలు ఆట. అప్పుడు ఉత్తరపు గట్టు వైపు వాగు మూలలు చూడండి. చలిగాలి అక్కడ తగలదు, దక్షిణాన వాలిన ఎండ నేరుగా పడుతుంది. నీళ్లు రెండు డిగ్రీలు పెరిగినా చాలు.

పడవ లేని రోజు సంగతి కూడా అడిగారు. ఫోర్క్‌కి గట్టు మీద నుంచి చోట్లు తక్కువ, దానికోసం గంటన్నర డ్రైవ్ చేయనక్కర్లేదు. మీకు దగ్గర్లో రే రాబర్ట్స్ స్టేట్ పార్క్ ఉంది. స్టేట్ పార్క్ గట్టు మీద నుంచి వేస్తే లైసెన్సూ అక్కర్లేదు. మీ చుట్టుపక్కల ఊళ్ల చిన్న చెరువుల్లో ప్రభుత్వం చలికాలమంతా రెయిన్‌బో ట్రౌట్ వదులుతుంది, పిల్లలకి మంచి కాలక్షేపం. ఆ ట్రౌట్‌ని తినడానికి అక్కడి పెద్ద బాస్ కూడా కాచుకుని ఉంటుంది, చెప్పకండి ఎవరికీ. పాత పోస్టులు చూసి చలికాలం వెచ్చటి నీళ్ల కోసం మాంటిసెల్లో చెరువుకి వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట: అక్కడి పవర్ ప్లాంట్ 2018లో మూతపడింది, నీళ్లు ఇప్పుడు వేడిగా లేవు. వెచ్చటి నీళ్లే కావాలంటే మార్టిన్ క్రీక్ లేక్ చూడండి.

రూల్స్ తొందరగా చెప్పేస్తాను. లైసెన్సు ఏ నెలలో కొన్నా ఏడాది మొత్తానికి వచ్చేది కాకపోతే ఆగస్టు 31కి అయిపోతుంది, మీది వేసవిలో కొన్నదైతే చూసుకోండి. ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య బాస్ ఉంచుకోకూడదు. రోజుకి అయిదు, అందులో 24 దాటింది ఒక్కటే. మోటార్ కిల్ స్విచ్ (నడిపేవాడు పడిపోతే ఇంజన్ ఆపేసే తాడు) తగిలించుకోవడం 2019 నుంచి టెక్సస్‌లో చట్టం. చెరువు వదిలేటప్పుడు పడవలో నీళ్లన్నీ కార్చేయాలి, జీబ్రా మస్సెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు ఒకచోటు నుంచి ఇంకోచోటుకి పాకకుండా.

వీటన్నిటికంటే నాకు భయం వేసేది రేవు. పడవలు పైకి లాగినప్పుడు కారిన నీళ్లు పొద్దున్నే గడ్డకట్టి ర్యాంపు మీద కనిపించని గాజు పొరలా ఉంటాయి. ఏడేళ్ల క్రితం జనవరిలో ఒంటరిగా పడవ దింపుతూ అక్కడే జారాను. ఛాతీ దాకా మునిగాను. నీళ్లు 46. నాకు ఈత బాగా వచ్చు, అయినా మొదటి అరనిమిషం ఊపిరి నా మాట వినలేదు. గట్టిగా లోపలికి పీల్చుకుంటోంది, ఆగడం లేదు. అదే క్షణంలో తల నీటిలో ఉంటే కథ వేరే. ఒడ్డుకి రెండడుగులు కాబట్టి పాక్కుంటూ వచ్చాను. ట్రక్కు ఎక్కాక తాళం తిప్పడానికి వేళ్లు పనిచేయలేదు, రెండు అరచేతుల మధ్య పట్టుకుని తిప్పాను. అప్పటినుంచి లైఫ్ జాకెట్ ఇంటి దగ్గరే వేసుకుని బయల్దేరతాను, పడవెక్కేదాకా ఆగను. ఒక జత పొడి బట్టలు, తువ్వాలు జిప్ కవర్లో, ర్యాంపు మీద చల్లడానికి అయిదు కిలోల ఉప్పు ట్రక్కు వెనక. మీ ఆవిడకి ఏ రేవులో దింపుతున్నారో, ఎన్నింటికి వస్తారో మెసేజ్ పెట్టి వెళ్లండి.

చేప పడ్డాక రెండు మాటలు. గడ్డకట్టే చలిగాలి వీస్తుంటే చేపను బయట ఎక్కువసేపు ఉంచితే మొప్పలు దెబ్బతింటాయి. ఫొటో తీసేవాడు ఫోన్ సిద్ధంగా పెట్టుకున్నాకే నీటిలోంచి ఎత్తండి. చేతులు తడి చేసుకోండి. పెద్దదాన్ని దవడ పట్టి వేలాడదీయకుండా రెండో చెయ్యి పొట్ట కింద పెట్టండి. ముప్పై అడుగుల కింద నుంచి లాగితే లోపలి గాలితిత్తి ఉబ్బి, వదిలినా కిందకి పోలేక తేలుతుంది. వదిలేయాలనే ఉద్దేశం ఉంటే అంత లోతున వేయకపోవడమే మేలు.

పులుసు గురించి కూడా అడిగారు, దాచిపెట్టడం దేనికి. 15 అంగుళాల బాస్ బాగానే ఉంటుంది, కాకపోతే కొరమీను గట్టిదనం రాదు, ముక్క విడిపోతుంది. నేను వదిలేస్తాను. అదే వంతెన కింద, అదే స్తంభం దగ్గర, చిన్న మిన్నో వేస్తే క్రాపీ పడుతుంది. వేపుడుకి దానికి సాటి లేదు. దాని పరిమితి, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఫోర్క్‌కి ఉన్న ప్రత్యేక నిబంధన బోర్డు మీద చదివి మరీ పట్టండి.

ఈసారి 515 దగ్గర మొదలుపెట్టండి. వచ్చాక నీళ్లు ఎన్ని డిగ్రీలు, ఎన్ని అడుగుల్లో వేశారు, నోటితో ఎంత లెక్కపెట్టారు, ఈ మూడూ రాయండి. ఖాళీ చేతులతో వచ్చినా సరే రాయండి, ఎక్కడ తేడా కొట్టిందో అప్పుడు చెప్పగలను.